ఆఱు మాసముల రాజు

యూరపు చరిత్రము చదివినవారికి షార్లమేను పేరు క్రొత్తది కాదు. క్రీ. శ. 800 లో రోమునగరమున చక్రవర్తి కిరీటమును ధరించిన ఫ్రాంకు రాజితఁడే. కాని 768 లో తండ్రియైన పెపిను మరణించినప్పుడు రాజ్యమంతయు నితని కొక్కనికే రాలేదు. కార్లొమను అను తమ్మునికిని భాగము వచ్చెను. ఆ తమ్ముఁడు మూఁడేండ్లు రాజ్యము చేసి, 771 డిసెంబరులో చిన్న వయసుననే మరణించెను. అన్న వెంటనే యా భాగమును తన రాజ్యమునఁ గలుపుకొనెను. మఱఁదలు బిడ్డలను వెంటఁబెట్టుకొని ఇటలీలోని లంబార్డు రాజును శరణు జొచ్చెను. ఇట్టి కథయే దీనికి సుమా రేఁబదేండ్లకు ముందు మన తెలుఁగు దేశమున జరిగినది.

ఏలూరి చేరువనున్న నేఁటి పెదవేగియే ఆనాఁటి వేంగీనగరము. అచ్చటి తూర్పు చాళుక్య వంశమునకు మూలపురుషుఁడగు కుబ్జవిష్ణువర్ధనుఁడు కూడ నొక తమ్ముఁడే; బాదామి చక్రవర్తియగు రెండవ పులకేశికి సోదరుఁడు. ఆ వంశమున మంగియువరాజు 25 ఏండ్లును, అతని కుమారుఁడు రెండవ జయసింహుఁడు 13 ఏండ్లును పాలించిరి. పిమ్మట సుమారు 718 లో జయసింహుని సవతితమ్ముఁడగు కొక్కిలి గద్దె నెక్కెను. విష్ణువర్ధనులు, జయసింహులు, విజయాదిత్యులు నిండిన వంశవృక్షములో కొక్కిలి యను పేరు చెవికి వింతగనే యుండును. అతఁ డేలినది ఆఱు మాసములు. అన్నయగు మూఁడవ విష్ణువర్ధనుఁ డతనిని వెడలఁగొట్టి, తాను 37 సంవత్సరములు రాజ్యము చేసెను.

ఈ సంగతి మనకుఁ దెలియుట తామ్రశాసనములవలన. భూమిని దానము చేసిన రాజు, రాగి రేకులపై దానవివరమును చెక్కించి, వానిని వరాహముద్ర గల కడియమునకుఁ గ్రుచ్చి యిచ్చెడివాఁడు. దానవివరమునకు ముందు తన పూర్వులు వరుసగా నెవరెవరు ఎంతకాల మేలిరో చెప్పించుట ఆ వంశమువారి యాచారము. ఇచ్చట నొక విశేషము గమనింపఁదగినది. తరువాతి వేంగీరాజులందఱును వెడలఁగొట్టిన యన్న సంతతివారే. కొక్కిలి పేరు విడిచిపెట్టిన నడుగువా రెవరు? ఐనను వారి శాసనములు అతని యాఱు మాసములను లెక్కవేసి, తమ మూలపురుషుఁడు తమ్ముని వెడలఁగొట్టెనని దాఁచక చెప్పుచున్నవి. ఇంద్రభట్టారకుఁ డనునొక రాజునకు ఏడు దినములు మాత్రమే పాలన. దానిని సైతము వ్రాసిరి! వంశగౌరవముకంటె లెక్క సరిపోవుటయే వారికి ముఖ్యమయినట్లు నాకుఁ దోఁచుచున్నది.

ఈ లెక్కయే తరువాత నుపకరించినది. రెండవ అమ్మరాజు పట్టాభిషేకము 945 లోను, రాజరాజనరేంద్రునిది 1022 లోను జరిగినట్లు శాసనములలోని శకవర్షములవలన నిశ్చయమగుచున్నది. ఫ్లీటు పండితుఁడు 1891 ప్రాంతమున అట్టి కాలములనుండి వెనుకకు లెక్కించుచు రాజుల కాలములను నిర్ణయింపఁ బూనినప్పుడు, ఏండ్లతోపాటు కొక్కిలి మాసములనుకూడ కూడవలసియే వచ్చెను.

పదవి పోయినను కొక్కిలి వంశము నశింపలేదు. అతని సంతతివారు ఉత్తరమున ఎలమంచిలి ప్రాంతమును కొంతకాల మేలిరని చరిత్రకారులు చెప్పుదురు. ఇఁక గెలిచిన యన్నకు దక్షిణమున, అనఁగా మన నెల్లూరు సీమవైపున, చిక్కులు పుట్టినవి. కంచి పల్లవులకును వేంగికిని నడిమి సరిహద్దు ఇదియే కదా! పృథివీవ్యాఘ్రుఁడను నిషాదనాయకుఁడు విష్ణురాజు సీమలో అశ్వమేధాశ్వమును విడిచెననియు, పల్లవ నందివర్మ సేనాని యుదయచంద్రుఁ డతనిని తఱిమి యా సీమను తన యేలిక వశము చేసి, బంగారమును ఏనుఁగులను గొనిపోయెననియు ఉదయేందిరము శాసనమున నున్నది. ఈ విష్ణురాజు కొక్కిలి యన్నయే యని పండితుల యభిప్రాయము.