పోయినోళ్ల పేరున సొమ్ము... ఉన్నోళ్ల మెడకు చిక్కు

ఇంటి పెద్ద కాలం చేశాడు. పెద్దకర్మ అయింది, చుట్టాలు ఎవరి ఊరికి వాళ్లు వెళ్లారు. కొన్నాళ్లకు బ్యాంకు పుస్తకం ప్రింటు వేయిస్తే ఆయన ఖాతాలో పీఎం కిసాన్ కిస్తు 2 వేలు పడి ఉంది. 'పడ్డ డబ్బు వద్దంటామా, ఏటీఎం కార్డు మన దగ్గరే ఉందిగా' అనుకుంటారు ఇంట్లోవాళ్లు. పల్లెల్లో ఇది కొత్త సంగతేం కాదు, తప్పని కూడా ఎవరికీ తోచదు. కానీ ఆ 2 వేల కోసం చావు కబురు దాచిపెట్టిన ఇల్లు ఎంత పోగొట్టుకుంటుందో లెక్క వేస్తే గుండె గుభేలుమంటుంది.

చేతికిచ్చే పింఛనైతే ఇచ్చేవాడికి మనిషి కనబడాలి. ఆంధ్రప్రదేశ్‌లో నెల మొదట్లో సచివాలయ సిబ్బంది ఇంటికొచ్చి ఇచ్చేది అలాంటిదే. ఖాతాలో పడే డబ్బుకు మనిషితో పని లేదు. జాబితాలో పేరుంటే చాలు, పడిపోతుంది. కేంద్రం సాయంతో ఇచ్చే పింఛన్లను పరిశీలించి కాగ్ 2023లో నివేదిక ఇచ్చింది. చనిపోయిన 2,103 మంది పేరున సుమారు 2 కోట్ల రూపాయలు చెల్లించారని అందులో తేలింది. పంచాయతీలు, మున్సిపాలిటీల నుంచి మరణ సమాచారం పైకి రాకపోవడం, ఆలస్యంగా రావడమే కారణమట.

అలాగని పంచాయతీ కార్యదర్శిని ఒక్కడినే తిట్టి లాభం లేదు. చావు ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేయాలన్నది చట్టం. మన ఊరి మనిషి పట్నం ఆసుపత్రిలో పోతే ఆ వివరం పట్నం రిజిస్టరులో పడుతుంది. ఊరి జాబితాలో ఆయన బతికే ఉంటాడు. ఇంట్లోవాళ్లు వెళ్లి చెప్తే తప్ప ఆ పేరు తీసే దిక్కు ఉండదు.

ఇప్పుడు పరిస్థితి మారుతోంది. చనిపోయినవారి ఆధార్ నంబర్లను ఆధార్ సంస్థ రద్దు చేస్తోంది. 2025 నవంబరు నాటికి ఇలా రద్దయినవి 2 కోట్లు దాటాయి. కుటుంబ సభ్యులే ఆన్‌లైన్‌లో తెలియజేసే ఏర్పాటూ 2025 జూన్‌లో వచ్చింది. అంటే ఈరోజు కాకపోతే రేపు బయటపడుతుంది. తీసుకున్న సొమ్ము తిరిగి కట్టమంటే అప్పుడు అప్పు చేయాల్సిందే.

ఇక రావాల్సిన సొమ్ము సంగతి చూద్దాం. మీ బ్యాంకు పుస్తకం ఒకసారి తీసి చూడండి. మే నెలాఖరు, జూన్ ప్రాంతంలో 436 రూపాయలు కోత పడిందా? అది ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా. 18 నుంచి 50 ఏళ్లలోపు చేరితే 55 ఏళ్ల దాకా నడుస్తుంది. మనిషి ఏ కారణంతో పోయినా నామినీకి 2 లక్షలు. 20 రూపాయల కోత ఉంటే అది సురక్షా బీమా. ప్రమాదంలో పోతే మరో 2 లక్షలు. పాము కాటు, చెట్టు మీంచి పడటం కూడా ప్రమాదం కిందికే వస్తాయి, ఆసుపత్రి కాగితం జాగ్రత్త చేసుకోవాలి. కోత పడిందని తెలియక ఊరుకున్న ఇళ్లూ ఉంటాయి. కార్డుతో 2 వేలు గీకి తెచ్చుకుని, అదే ఖాతా మీద ఉన్న 2 లక్షలు అడగకుండా వదిలేయడం ఏం తెలివి!

తెలంగాణలో 2018 ఆగస్టులో మొదలైన రైతుబీమా కింద 18 నుంచి 59 ఏళ్లలోపు పట్టాదారు చనిపోతే నామినీకి 5 లక్షలు. కబురు ఏఈఓకు చెప్పాలి. నామినీ ముందే చనిపోయి ఉంటే ఆ పేరు బతికుండగానే మార్పించుకోవాలి. ఆంధ్రలో పింఛనుదారుడైన భర్త పోతే భార్యకు స్పౌజ్ పింఛను ఉంది. ఆయన కాగితం మీద బతికి ఉన్నన్నాళ్లూ ఆమెకు ఆ పింఛను రాదు.

పీఎం కిసాన్ కూడా అంతే. 2019 ఫిబ్రవరి 1 తర్వాత భూమి కొన్నవారికి ఈ పథకం వర్తించదు. కానీ పట్టాదారు చనిపోయి వారసత్వంగా భూమి వచ్చినవారికి మినహాయింపు ఉంది. ముందు భూమి వారసుల పేరుకు మారాలి, తర్వాత కొత్తగా నమోదు చేసుకోవాలి. ఏటా 6 వేలు సొంత పేరుతోనే, భయం లేకుండా వస్తాయి.

వీటన్నిటికీ మూలం మరణ ధ్రువపత్రం. 21 రోజుల్లో నమోదు చేయిస్తే మొదటి ప్రతి ఉచితం. 30 రోజుల దాకా ఆలస్య రుసుముతో అవుతుంది. ఆపైన ఏడాది లోపు అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు స్థాయి ఉత్తర్వు, అఫిడవిట్టు, తిరుగుళ్లు. కాగితాల్లో పేరు, ఇంటిపేరు ఆధార్‌లో ఉన్నట్టే పడిందో లేదో అక్కడే చదివించుకోండి. ఒక్క అక్షరం తేడా వస్తే బీమావాళ్లు ఫైలు పక్కన పెట్టేస్తారు.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. పోయినోళ్లను ఏరేటప్పుడు ఉన్నోళ్ల పేర్లు కొట్టేయకూడదు. ఉత్తరప్రదేశ్‌లోని అజంగఢ్ జిల్లాకు చెందిన లాల్ బిహారీ అనే రైతును రెవెన్యూ రికార్డుల్లో చనిపోయినట్టు రాసేశారు. తాను బతికే ఉన్నానని రుజువు చేసుకోవడానికి ఆయనకు 1994 దాకా పట్టింది. మీ పింఛను గానీ, కిసాన్ కిస్తు గానీ ఉన్నట్టుండి ఆగితే ఇంట్లో కూర్చోకండి. ఆధార్, బ్యాంకు పుస్తకం తీసుకుని పింఛనుకైతే ఎంపీడీఓ కార్యాలయానికి, కిసాన్ కిస్తుకైతే మండల వ్యవసాయాధికారి దగ్గరికి వెళ్లి, ఏ కారణంతో ఆపారో అడగండి. అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి.