ఫలక్‌నుమా కట్టించిన నవాబు పేరే వికారాబాద్‌కు!

వికారాబాద్: బంట్వారం వైపు నుంచి పట్నం పోయేవాళ్లలో చాలామంది ముందు వికారాబాద్ జంక్షన్‌కు వస్తారు. స్టేషన్ బోర్డు మీద ఉన్న ఆ పేరు ఎవరిదని అడిగితే మాత్రం జవాబు చెప్పేవాళ్లు తక్కువే. అది నవాబ్ వికారుల్ ఉమ్రాది. హైదరాబాద్ పాతబస్తీకి దక్షిణాన, చార్మినార్‌కు దాదాపు 5 కిలోమీటర్ల దూరంలో గుట్ట మీద ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించింది ఆయనే. ఇప్పుడది తాజ్ హోటల్. అంత మోజుగా కట్టించుకున్న ఇంట్లో ఆయన ఎక్కువ కాలం ఉండలేకపోయారు.

ఉర్దూలో వికార్ అంటే హుందాతనం, ఉమ్రా అంటే అమీర్లు. అమీర్లకే వన్నె తెచ్చినవాడు అని చెప్పుకోవచ్చు. ఇది బిరుదు. దానికి 'ఆబాద్' చేరి ఊరి పేరైంది. తెలుగులో 'వికారం' అనే మాట ఉంది కదా అని కొందరు జోకులేస్తారు గానీ, రెండింటికీ ఏ సంబంధం లేదు.

ఆయనది పైగా వంశం. హోదాలో నిజాం కుటుంబం తర్వాత వీళ్లదే. నిజాం కోసం సైన్యాన్ని పోషించడం వీళ్ల బాధ్యత, అందుకు జాగీర్లు ఉండేవి. వికారాబాద్ కూడా పైగాల కిందిదే. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు ఈయన స్వయానా బావ. 1893 నుంచి 1901 దాకా హైదరాబాద్ రాజ్యానికి ప్రధానిగా పనిచేశారు.

ఫలక్‌నుమాకు 1884 మార్చి 3న పునాది వేశారు. ప్లాన్ గీసింది విలియం వార్డ్ మారెట్ అనే ఇంగ్లిష్ ఆర్కిటెక్ట్. తేలు ఆకారంలో కట్టడం, ఇటలీ పాలరాయి, రంగు అద్దాల కిటికీలు, ఒకేసారి 101 మంది కూర్చుని తినే పొడవాటి టేబుల్. పని పూర్తయ్యేసరికి దాదాపు పదేళ్లు పట్టింది.

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. జాగీర్ల ఆదాయమంటే రైతులు కట్టే శిస్తు. వాన పడితేనే పంట, పంట వస్తేనే శిస్తు. ప్యాలెస్ ఖర్చు మాత్రం వాన కోసం ఆగదు. అంత ఆస్తి ఉన్న నవాబు కూడా అప్పుల్లో పడ్డారు. నిజాం అతిథిగా వచ్చి, ప్యాలెస్ తెగ నచ్చి ఉండిపోయారని, నవాబు దాన్ని నజరానాగా ఇస్తే నిజాం డబ్బు చెల్లించే తీసుకున్నారని పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కథలో ఎంత నిజమున్నా, 1890ల చివర్లో ఫలక్‌నుమా నిజాం చేతికి వెళ్లింది. రాజ అతిథులకు విడిది అయింది. 1911లో మహబూబ్ అలీ ఖాన్ కన్నుమూసింది కూడా అక్కడే.

1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ బస చేశాక పెద్ద అతిథులెవరూ రాలేదు. ఏళ్ల తరబడి తాళాలే. నిజాం కుటుంబం తాజ్ గ్రూపుకు లీజుకిచ్చాక, ప్రిన్సెస్ ఎస్రా దగ్గరుండి చూసుకోగా పదేళ్లు మరమ్మతులు జరిగాయి. 2010 నవంబర్‌లో హోటల్ తెరుచుకుంది. 2017లో ఇవాంకా ట్రంప్‌కు ప్రధాని మోదీ విందు ఇచ్చింది ఆ 101 సీట్ల టేబుల్ దగ్గరే.

ప్యాలెస్‌ను హోటల్ చేశారని బాధపడేవాళ్లున్నారు. కానీ అంత పెద్ద కట్టడం నిలబడాలంటే రోజూ దానికి ఆదాయం రావాలి. నవాబుకు తక్కువైంది అదే. ఫలక్‌నుమా వదిలాక ఆయన బేగంపేటలో కట్టించుకున్న పైగా ప్యాలెస్ కూడా వాడకంలో ఉండబట్టే నిలిచింది. 2008 నుంచి 2023 దాకా అందులో అమెరికన్ కాన్సులేట్ నడిచింది.

అయితే శిస్తు కట్టిన ఊళ్ల మనుషులకు ఆ గేటు దాటడం మాత్రం ఇప్పటికీ కష్టమే. ఒక్క రాత్రి గది కిరాయి ఒక చిన్న రైతు నెలల సంపాదన.

బుకింగ్ లేకుండా నవాబు గుర్తులు చూడాలంటే సంతోష్‌నగర్ దగ్గర పిసల్‌బండలోని పైగా సమాధులకు వెళ్లాలి. సున్నంతో చెక్కిన పనితనం, సన్నటి జాలీలు చూసి తీరాల్సిందే. ఫలక్‌నుమా నుంచి ఆటోలో కొద్ది దూరమే. వికారుల్ ఉమ్రా సమాధి అక్కడే ఉంది.