అకౌంట్స్ ఆఫీసు నుంచి ఆన్‌ఫీల్డ్‌కు: బిల్లీ లిడెల్ విశేషాలు

వారమంతా అకౌంట్స్ ఆఫీసులో పద్దులు, శనివారం మధ్యాహ్నం ఆన్‌ఫీల్డ్ మైదానంలో వేల మంది ముందు ఆట. స్కాట్లాండ్‌కు చెందిన బిల్లీ లిడెల్ లివర్‌పూల్ క్లబ్బులో ఉన్నంతకాలం ఇలాగే గడిపాడు. అతను ప్రొఫెషనల్ ఆటగాడే, క్లబ్బు నుంచి జీతం తీసుకున్నవాడే. ఆఫీసు ఉద్యోగాన్ని మాత్రం వదల్లేదు. తోటి ఆటగాళ్లు రోజూ ప్రాక్టీసు చేస్తుంటే అతను వారానికి రెండు రోజులే చేసేవాడు. అయినా జట్టులో అందరికన్నా ఎక్కువ గోల్స్ అతనే కొట్టిన సీజన్లు ఎన్నో ఉన్నాయి.

లిడెల్ 1922 జనవరి 10న డన్‌ఫర్మ్‌లిన్ దగ్గరి టౌన్‌హిల్ అనే బొగ్గుగనుల ఊళ్లో పుట్టాడు. తండ్రి గని కార్మికుడు. ఆరుగురు పిల్లల్లో బిల్లీ పెద్దవాడు. 1938లో లివర్‌పూల్ క్లబ్బు పిలిస్తే తల్లిదండ్రులు ఒక షరతు పెట్టారు: అబ్బాయి అకౌంటెన్సీ చదువు ఆగకూడదు. క్లబ్బు ఒప్పుకుంది. ఒక్క దెబ్బ తగిలితే ఆట ముగిసిపోయే రోజులవి. గని తప్ప వేరే దారి లేని ఇంట్లో ఆ షరతుకు ఎంత విలువో ఊహించుకోవచ్చు.

ఈ కుర్రాణ్ని తీసుకోమని లివర్‌పూల్‌కు చెప్పింది ఎవరో కాదు, మ్యాట్ బస్బీ. అప్పుడు ఆయన లివర్‌పూల్ ఆటగాడు. యుద్ధం తర్వాత మాంచెస్టర్ యునైటెడ్ మేనేజరై, ఆ క్లబ్బును శిఖరాలకు చేర్చిన బస్బీ ఆయనే.

పదిహేడో ఏట ప్రొఫెషనల్ అయిన లిడెల్‌కు ఆట మొదలవుతూనే రెండో ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో నావిగేటర్‌గా చేరాడు. యుద్ధకాలపు మ్యాచ్‌లు రికార్డుల లెక్కలోకి రావు. అందుకే లివర్‌పూల్ తరఫున అతని అధికారిక తొలి మ్యాచ్ 1946 జనవరి 5న, చెస్టర్‌పై ఎఫ్‌ఏ కప్‌లో జరిగింది. 24 ఏళ్లు నిండడానికి ఇంకా ఐదు రోజులుంది. ఆ రోజే గోల్ కూడా కొట్టాడు. యుద్ధం తినేసిన ఏళ్లు చేతికొచ్చి ఉంటే ఈ మనిషి గోల్స్ ఎన్ని ఉండేవోనని లెక్క కట్టని లివర్‌పూల్ అభిమాని ఉండడు. అదే మ్యాచ్‌లో తొలిసారి బరిలోకి దిగిన మరో ఆటగాడు బాబ్ పెయిస్లీ. తర్వాత మేనేజర్‌గా లివర్‌పూల్‌కు మూడు యూరోపియన్ కప్‌లు తెచ్చిన పెయిస్లీ!

1946-47లో లివర్‌పూల్ ఇంగ్లండ్ లీగ్ ఛాంపియన్ అయింది. ఆ శీతాకాలం మంచు ఎంత దారుణంగా కురిసిందంటే, వాయిదా పడ్డ మ్యాచ్‌లు ముగిసేసరికి జూన్ వచ్చేసింది. లివర్‌పూల్ తన ఆఖరి లీగ్ మ్యాచ్ మే 31న నెగ్గి, స్టోక్ సిటీ ఫలితం కోసం రెండు వారాలు ఎదురుచూసింది. జూన్ 14న స్టోక్ ఓడింది. ఆ కబురు వచ్చేటప్పటికి లివర్‌పూల్ ఆటగాళ్లు ఆన్‌ఫీల్డ్‌లో ఎవర్టన్‌తో స్థానిక కప్ ఫైనల్ ఆడుతున్నారు! ఆ జట్టులో లిడెల్‌తో కలిసి ఆడిన ఆల్బర్ట్ స్టబిన్స్ ముఖాన్ని సంగీతప్రియులు చూసే ఉంటారు. బీటిల్స్ వారి ‘సార్జెంట్ పెప్పర్స్’ ఆల్బమ్ అట్ట మీద ఉన్న ఫుట్‌బాల్ ఆటగాడు అతనే.

ఇక డబ్బు సంగతి. అప్పట్లో ఇంగ్లండ్ లీగ్‌లో ఆటగాడి జీతానికి గరిష్ఠ పరిమితి ఉండేది. 1950లో అది సీజన్‌లో వారానికి 12 పౌండ్లు. 1958లో 20కి పెరిగింది. స్టేడియం నిండా జనమున్నా, గేటు దగ్గర వసూళ్లు ఎంతున్నా అంతకు మించి ఇవ్వడానికి వీల్లేదు. ఈ అన్యాయం 1961లో గానీ తొలగలేదు. 1950లో కొలంబియా క్లబ్బులు భారీ మొత్తాలతో బ్రిటన్ ఆటగాళ్లకు గాలం వేశాయి. నీల్ ఫ్రాంక్లిన్, చార్లీ మిటెన్ వంటి పేరున్నవాళ్లు బొగోటాకు వెళ్లారు. లిడెల్‌కూ పిలుపు వచ్చింది. అతను లివర్‌పూల్‌లోనే ఉండిపోయాడు.

అదే 1950లో బ్రెజిల్ ప్రపంచకప్. బ్రిటన్ జట్ల పోటీలో మొదటి రెండు స్థానాలకూ అర్హత ఉంది. స్కాట్లాండ్ మాత్రం మొదటి స్థానం వస్తేనే వెళ్తామని ముందే ప్రకటించి, హాంప్‌డెన్ పార్క్‌లో ఇంగ్లండ్ చేతిలో 0-1తో ఓడి, మాట ప్రకారం ఆగిపోయింది. అర్హత ఉండి కూడా ఆ ప్రపంచకప్‌కు వెళ్లని మరో దేశం మన భారత్. లిడెల్ దేశం తరఫున 28 మ్యాచ్‌లు ఆడాడు గానీ ప్రపంచకప్‌లో ఒక్కటీ ఆడలేదు. 1954లో స్కాట్లాండ్ వెళ్లినప్పుడు ఆ బృందంలో అతను లేడు.

యూరప్ మాత్రం అతణ్ని చూసింది. 1947లో హాంప్‌డెన్‌లో లక్షా ముప్పై వేలకు పైగా జనం ముందు గ్రేట్ బ్రిటన్ జట్టు యూరప్ జట్టును 6-1తో చిత్తు చేసింది. 1955లో బెల్‌ఫాస్ట్‌లో మళ్లీ తలపడి 1-4తో ఓడింది. ఈ రెండు మ్యాచ్‌ల్లోనూ బ్రిటన్‌కు ఆడినవాళ్లు ఇద్దరే: స్టాన్లీ మాథ్యూస్, బిల్లీ లిడెల్.

1954లో లివర్‌పూల్ రెండో డివిజన్‌కు పడిపోయింది. పెద్ద క్లబ్బేదైనా కళ్లకద్దుకుని తీసుకునే ఆటగాడు అక్కడే ఉండి, మరుసటి సీజన్‌లో 30 లీగ్ గోల్స్ కొట్టాడు. జనం ఆ జట్టును ‘లిడెల్‌పూల్’ అని పిలిచింది ఊరికే కాదు. 1956 ఎఫ్‌ఏ కప్‌లో మాంచెస్టర్ సిటీతో ఆన్‌ఫీల్డ్‌లో జరిగిన మ్యాచ్ తలచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. 1-2తో వెనకబడ్డ స్థితిలో చివరి క్షణాన లిడెల్ కొట్టిన బంతి గోల్‌లోకి దూసుకెళ్లింది. స్టేడియం హోరెత్తింది. కానీ బంతి గోల్ చేరకముందే రిఫరీ ఆఖరి విజిల్ ఊదేశాడు! ఆ ఏడాది కప్ నెగ్గింది సిటీయే.

మైదానం బయట అతనికి మద్యం లేదు, సిగరెట్ లేదు. సండే స్కూల్లో పాఠాలు చెప్పేవాడు, యువజన సంఘాల్లో పనిచేసేవాడు. 1958లో, ఇంకా ఆడుతుండగానే, గౌరవ మేజిస్ట్రేట్‌గా నియమితుడయ్యాడు. ఆట మానేశాక లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో ఆర్థిక వ్యవహారాలు చూశాడు. అమ్మానాన్నలు పట్టుబట్టి చదివించిన చదువు చివరిదాకా అన్నం పెట్టింది.

1959 డిసెంబరులో బిల్ షాంక్లీ మేనేజర్‌గా వచ్చేసరికి లిడెల్‌కు 38 దగ్గరపడుతున్నాయి. యుద్ధకాలంలో ఇద్దరూ స్కాట్లాండ్‌కు కలిసి ఆడినవాళ్లే. 1960 మార్చిలో స్టోక్‌పై తన చివరి గోల్ కొట్టి, ఆగస్టులో ఆఖరి మ్యాచ్ ఆడాడు. మొత్తం 534 మ్యాచ్‌లు, 228 గోల్స్. ఆ ఏప్రిల్‌లో వింగ్‌లో అతని స్థానంలో ఒక పద్దెనిమిదేళ్ల కుర్రాడు తొలిసారి ఆడాడు. పేరు ఇయాన్ క్యాలహన్. లిడెల్ మ్యాచ్‌ల రికార్డును దాటి, 857 మ్యాచ్‌లు ఆడి, ఇప్పటికీ ఎవరూ చెరపని రికార్డు నెలకొల్పింది అతనే.