కథ ఒకరిది, ఆట ఇద్దరిది: 'హేలో' సహక్రీడలో మిత్రుని స్థానం

వ్యాససంగ్రహం:

వైజ్ఞానిక కల్పన నేపథ్యంగా గల షూటర్ వీడియో గేమ్‌లలో చాలా వాటి కథ ఒకే నాయకుని చుట్టూ నడుస్తుంది. ఆ కథను ఇద్దరు మిత్రులు కలిసి ఆడినప్పుడు రెండవ వ్యక్తి ఎవరు, అతనికి కథలో ఉన్న స్థానమేమిటి అన్న ప్రశ్న తలెత్తుతుంది. 2001లో వెలువడిన 'హేలో: కాంబాట్ ఎవాల్వ్‌డ్', ఆ పరంపరలోని తరువాతి ఆటల ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కథ గుర్తించని మిత్రుణ్ణి ఆట నియమాలు గుర్తిస్తాయని, ముఖ్యంగా మరణానికి సంబంధించిన నియమమే ఇద్దరి అనుబంధాన్ని నిర్మిస్తుందని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వీడియో గేమ్, సహక్రీడ, హేలో, వైజ్ఞానిక కల్పన, పీఠమర్దుడు, పతాకానాయకుడు, స్ప్లిట్ స్క్రీన్.

1. ఉపోద్ఘాతం:

వీడియో గేమ్‌ను కథనరూపంగా అధ్యయనం చేసేవారు సాధారణంగా ఆటగాడు ఒక్కడే అన్న భావనతో బయలుదేరుతారు. పాఠం, పాఠకుడు అన్న జంటను ఆట, ఆటగాడు అన్న జంటగా మార్చుకుంటారు. కాని ఒకే పాఠాన్ని ఇద్దరు ఒకే సమయంలో, ఒకే గదిలో కూర్చొని, పరస్పరం మాట్లాడుకుంటూ ముందుకు నడిపించే సందర్భాన్ని ఈ నమూనా వివరించలేదు. ఆటగాళ్లు ఒకరితో ఒకరు పోటీపడక, ఒకే లక్ష్యం కోసం కలిసి ఆడే ఇటువంటి విధానాన్ని ఈ వ్యాసంలో 'సహక్రీడ' అని వ్యవహరించడం జరిగింది.

సహక్రీడ 'హేలో'తో మొదలైనది కాదు. కోనామి సంస్థ 1987లో విడుదల చేసిన 'కాంట్రా'లో గ్రహాంతర శత్రువులపై ఇద్దరు ఆటగాళ్లు కలిసి పోరాడవచ్చు. అందులో కథానాయకులే ఇద్దరు: బిల్, లాన్స్. కనుక రెండవ ఆటగాడికి కథలోనే పేరు, స్థానం ఉన్నాయి. 1993లో ఐడి సాఫ్ట్‌వేర్ రూపొందించిన 'డూమ్' కథలో నాయకుడు ఒక్కడే. కంప్యూటర్లను అనుసంధానించి నలుగురి వరకు కలిసి ఆడవచ్చు గాని, మిగిలిన ముగ్గురెవరో కథ చెప్పదు. 'హేలో' ఈ రెండవ మార్గాన్ని అనుసరించింది. అయితే 'డూమ్'తో పోలిస్తే 'హేలో'లో సంభాషణలు, దృశ్యాలు, పాత్రలు విస్తారంగా ఉన్నాయి. అందువల్ల రెండవ వ్యక్తి లోటు ఇక్కడ ప్రస్ఫుటంగా కనిపిస్తుంది.

2. కథావస్తువు, తెర విభజన:

బంగీ సంస్థ రూపొందించిన 'హేలో: కాంబాట్ ఎవాల్వ్‌డ్' 2001 నవంబర్ 15న మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్‌తో పాటు ఉత్తర అమెరికాలో విడుదలైంది. కథాకాలం 26వ శతాబ్దం. 'కవనెంట్' అనే గ్రహాంతర జాతుల కూటమితో మానవులు యుద్ధం చేస్తుంటారు. శత్రువుల నుంచి తప్పించుకున్న ఒక మానవ నౌక ఉంగరం ఆకారంలో ఉన్న 'హేలో' అనే కృత్రిమ ప్రపంచాన్ని చేరుకుంటుంది. కవచధారి అయిన సైనికుడు మాస్టర్ చీఫ్ నాయకుడు. అతని కవచంలో నివసిస్తూ దారి చూపే కృత్రిమ మేధ కోర్టానా.

సహక్రీడలో టీవీ తెర పైభాగం, కిందిభాగం అని రెండుగా చీలుతుంది. ఒక్కొక్క భాగం ఒక్కొక్క ఆటగాడి చూపు. ఇద్దరూ స్వతంత్రంగా తిరగవచ్చు, కాని ఒకరి చూపు మరొకరికి దాచబడదు. పోటీ ఆటలో ఎదుటివాడి తెర చూడడం దొంగతనం. సహక్రీడలో అదే పని సహాయం. మిత్రుడు ఏ రాతి వెనుక చిక్కుకున్నాడో తెలుసుకోవడానికి అతణ్ణి అడగనక్కరలేదు, చూపు కొంచెం పక్కకు తిప్పితే చాలు.

ఆట ఆగి కథాదృశ్యం మొదలైనప్పుడు ఈ విభజన తొలగిపోతుంది. తెర మొత్తం ఒకటవుతుంది. అందులో మాస్టర్ చీఫ్ ఒక్కడే కనిపిస్తాడు. దృశ్యం ముగియగానే తెర మళ్లీ చీలి ఇద్దరు చీఫ్‌లు ప్రత్యక్షమవుతారు. కథకు, ఆటకు మధ్య ఉన్న వైరుధ్యం ఇంత స్పష్టంగా కంటికి కనబడే సందర్భాలు అరుదు.

3. రెండవ మాస్టర్ చీఫ్ – పీఠమర్ద లక్షణం:

భారతీయ లాక్షణికులు నాయకునితో పాటు నాయకసహాయులను కూడా నిరూపించారు. ధనంజయుని దశరూపకం పతాకానాయకుణ్ణి పీఠమర్దుడని పేర్కొన్నది. నాయకునికి అనుచరుడై, అతనిపై భక్తి కలిగి, గుణాలలో అతనికంటె కొంత తక్కువగా ఉండడం పీఠమర్దుని లక్షణం. కాకతీయ ఆస్థానానికి చెందిన విద్యానాథుని ప్రతాపరుద్రీయంలోనూ నాయకసహాయుల ప్రస్తావన ఉంది. రామకథలో సుగ్రీవుడు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ప్రధాన కథకు తోడ్పడుతూనే, పతాకానాయకుడు తన ప్రయోజనాన్ని కూడా సాధించుకుంటాడు.

ఈ లక్షణాన్ని అన్వయిస్తే మొదటి 'హేలో'లోని రెండవ ఆటగాడు పీఠమర్దుడు కాడని తేలుతుంది. అతడు అనుచరుడు కాడు, గుణాలలో తక్కువవాడు కాడు. అదే కవచం, అదే బలం, అదే పేరు. అతనికి ప్రత్యేక ప్రయోజనమూ లేదు. కోర్టానా ఇద్దరినీ ఒక్కరుగానే సంబోధిస్తుంది. అంటే కథ దృష్టిలో అతడు లేడు.

2007లో వచ్చిన 'హేలో 3' ఈ లోటును కొంత పూరించింది. ఇందులో రెండవ ఆటగాడు 'ఆర్బిటర్' పాత్రను ధరిస్తాడు. ఆర్బిటర్ ఒకప్పుడు శత్రుపక్షపు సేనాని. అవమానం పాలై, తమ మతాధిపతుల మోసాన్ని గ్రహించి, చీఫ్‌తో చేయి కలుపుతాడు. చివరికి మోసగించిన మతాధిపతిని తానే సంహరిస్తాడు. మిత్రుని కార్యానికి సహకరిస్తూ స్వకార్యం నెరవేర్చుకున్న ఇతనిని పతాకానాయకునిగా పరిగణించడానికి ఆస్కారం ఉంది. ఇక్కడ రెండవ కంట్రోలర్ పట్టుకున్న వ్యక్తికి కథ ఒక పేరు ఇచ్చింది.

4. మరణ నియమం:

కథలో పేరు లేకపోయినా మొదటి 'హేలో'లోనూ మిత్రుడు అనివార్యుడే. అందుకు కారణం నియమం. ఒంటరిగా ఆడేవాడు మరణిస్తే ఆట చివరి చెక్‌పాయింట్‌కు వెనక్కి వెళ్తుంది. అప్పటివరకు గెలిచినది పోతుంది. సహక్రీడలో ఒకరు మరణించినా ఆట వెనక్కి వెళ్లదు. రెండవవాడు బ్రతికి ఉండి, శత్రువులకు దూరంగా క్షేమమైన చోటికి చేరినప్పుడు, మరణించినవాడు అతని సమీపంలో తిరిగి ప్రవేశిస్తాడు. ఇద్దరూ మరణిస్తేనే చెక్‌పాయింట్‌కు తిరుగుదల.

ఈ చిన్న నియమం ఆటగాడి ప్రవర్తనను మార్చివేస్తుంది. మిత్రుడు కూలిన క్షణంలో మిగిలినవాడి ధర్మం శత్రువును చంపడం కాదు, తాను బ్రతకడం. ఒంటరి ఆటలో పిరికితనం అనిపించే వెనుకంజ ఇక్కడ బాధ్యత అవుతుంది. మరణించినవాడు చేయగలిగింది ఏమీ లేదు, మిత్రుని తెరను చూస్తూ మాటసాయం చేయడం తప్ప. 'వెనక్కి రా', 'ఎడమవైపు ఇంకొకడు ఉన్నాడు' వంటి ఆ మాటలను ఏ రచయితా రాయలేదు. అయినా ఆటలోని అత్యంత ఉద్వేగభరితమైన సంభాషణ అదే.

2004 నాటి 'హేలో 2'లో అత్యంత కఠినమైన 'లెజెండరీ' స్థాయి ఈ నియమాన్ని తలకిందులు చేసింది. అక్కడ ఒకరు మరణించినా ఇద్దరూ చెక్‌పాయింట్‌కు వెళ్లవలసిందే. మొదటి ఆటలో మిత్రుడు రక్షణ, ఇక్కడ మిత్రుడు ప్రమాదం కూడా. అతని పొరపాటుకు ఇద్దరూ మూల్యం చెల్లిస్తారు. నైపుణ్యంలో తేడా ఉన్న మిత్రుల మధ్య ఓర్పుకు ఇది పరీక్ష.

5. పంపకం, సమన్వయం:

మొదటి 'హేలో'లో ఆటగాడు ఒకేసారి రెండు ఆయుధాలను మాత్రమే మోయగలడు. ప్లాస్మా ఆయుధాలు శత్రువుల శక్తికవచాన్ని ఛేదించడంలో మెరుగు, తూటాలు కవచం పోయిన దేహంపై మెరుగు. కనుక ఒకరు ప్లాస్మా పిస్తోలుతో కవచం తొలగిస్తే మరొకరు తూటాతో ముగించడం సహజమైన శ్రమవిభజన అవుతుంది. కొంతసేపు దెబ్బలు తగలకుండా ఉంటే ఆటగాడి కవచం తానే కోలుకుంటుంది గాని, దేహబలం కోలుకోదు. దానికి వైద్యపేటిక కావాలి. ఒక పేటిక ఒకరికే పనికివస్తుంది. ఎవరు తీసుకోవాలన్నది ఆట నిర్ణయించదు, ఇద్దరు మిత్రులు నిర్ణయించుకోవాలి. ఒకరి తూటా మరొకరికి తగిలితే గాయం కూడా అవుతుంది.

'వార్‌థాగ్' అనే వాహనం ఇందుకు మరో నిదర్శనం. నడిపేవాడు వెనుక ఉన్న తుపాకిని పేల్చలేడు, పేల్చేవాడు దారి మార్చలేడు. నౌక పేలిపోయేలోగా బయటపడవలసిన చివరి ఘట్టంలో ఇద్దరూ ఈ వాహనంలో పరుగు తీయవచ్చు. ఆ దారిలో ఒకరు బాగా వెనుకబడి, మరొకరు ఒక హద్దు దాటితే, ఆట వెనుకబడినవాణ్ణి తానే ముందుకు చేర్చుతుంది. మిత్రుణ్ణి విడిచిపెట్టి కథ ముగించడానికి వీలులేకుండా చేసిన ఏర్పాటు ఇది.

6. గది మారిన తరువాత:

2015లో విడుదలైన 'హేలో 5: గార్డియన్స్' స్ప్లిట్ స్క్రీన్‌ను తొలగించింది. ఇంటర్నెట్ ద్వారా నలుగురు కలిసి ఆడవచ్చు, కూలిన మిత్రుణ్ణి దగ్గరకు వెళ్లి లేపవచ్చు. కథలోనూ నలుగురికి పేర్లున్నాయి. 2021 డిసెంబర్‌లో వచ్చిన 'హేలో ఇన్ఫినిట్' కథాభాగంలో మొదట సహక్రీడే లేదు. 2022 నవంబర్‌లో ఇంటర్నెట్ సహక్రీడ చేరింది. ఒకే తెరపై ఆడే విధానాన్ని మాత్రం అదే ఏడాది రద్దు చేశారు.

దూరదేశాలలో ఉన్న మిత్రులకు ఇంటర్నెట్ సహక్రీడ మేలు చేసిందనడంలో సందేహం లేదు. అయితే కథలో మిత్రునికి స్థానం దొరికిన కాలంలోనే గదిలో అతని స్థానం కుదించుకుపోయింది. పక్కవాడి చూపును చూడగలగడం, మరణించినవాడు బ్రతికినవాడి కంటితో ఆటను చూడడం అన్నవి ఒకే తెర ఇచ్చిన అనుభవాలు. మాట దూరం నుంచి చేరుతుంది గాని, ఆ ఉమ్మడి చూపు అదే రూపంలో చేరదు.

7. ముగింపు:

- మొదటి 'హేలో' కథ రెండవ ఆటగాణ్ణి గుర్తించదు. అతడు పీఠమర్ద లక్షణానికి లొంగని సమాన నాయకుడు. 'హేలో 3'లోని ఆర్బిటర్ పతాకానాయక లక్షణానికి దగ్గరగా ఉన్నాడు.
- మిత్రుని ప్రాధాన్యాన్ని కథకంటె నియమాలే బలంగా చెబుతాయి. ఒకరి క్షేమం మరొకరి పునఃప్రవేశానికి ఆధారం కావడం వీటిలో ప్రధానమైనది.
- ఆటగాళ్ల మధ్య మాటలు, పంపకాలు, వెనుకంజలు కూడా పాఠంలో భాగమే. కథాదృశ్యాలను మాత్రమే విశ్లేషించే అధ్యయనం వీటిని కోల్పోతుంది.
- తెర విధానం మారితే అనుభవం కూడా మారుతుంది. కనుక సహక్రీడను పరిశోధించేవారు ఏ ఆట ఆడారన్నదానితో పాటు, ఎక్కడ కూర్చొని, ఎవరి పక్కన ఆడారన్నదీ నమోదు చేయడం అవసరం.