కారులో శీతోష్ణ నియంత్రణ

కారులో శీతోష్ణ నియంత్రణ అనగా ప్రయాణికులు కూర్చునే భాగంలోని గాలి వేడిమిని, తేమను, వేగాన్ని, దిశను అవసరానికి తగినట్లు మార్చే ఏర్పాటు. హీటరు, ఫ్యాను, ఏసీ ఈ ఏర్పాటులోని మూడు ముఖ్య భాగాలు. డ్యాష్‌బోర్డు మీద కనిపించే నాబ్‌లు, మీటలు ఒక్కొక్కటి ఒక్కొక్క పనిని మాత్రమే చేస్తాయి. ఏది ఏ పని చేస్తుందో తెలిస్తే ఇంధనం ఆదా అవుతుంది, ప్రమాదాలనూ నివారించవచ్చు.

ప్రాంతీయ అవసరం

పల్నాడు జిల్లాలోని ఎడ్లపాడు గుంటూరు, చిలకలూరిపేటల మధ్య 16వ నంబరు జాతీయ రహదారిపై ఉంది. చెన్నై, కోల్‌కతాలను కలిపే ఈ రహదారిని పూర్వం 5వ నంబరు జాతీయ రహదారి అనేవారు. ఇదే జిల్లాలోని రెంటచింతల వేసవి ఎండలకు పేరుపొందింది. ఈ ప్రాంతంలో మే నెలలో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్‌కు చేరడం కొత్త కాదు. వానాకాలంలో గాలిలో తేమ అధికం. శీతాకాలపు తెల్లవారుజామున రహదారిపై పొగమంచు కమ్ముతుంది. కాబట్టి ఇక్కడి వాహనదారునికి ఏసీ వేసవిలో చల్లదనాన్ని ఇవ్వడమే గాక, మిగిలిన కాలాలలో ముందు అద్దాన్ని స్వచ్ఛంగా ఉంచడానికి కూడా అవసరమవుతుంది.

చరిత్ర

అమెరికాకు చెందిన ప్యాకార్డ్ సంస్థ 1939లో ఏసీ గల కారును ప్రకటించింది. అందులో కంప్రెసరును ఆపడానికి మీట లేదు. చల్లదనం వద్దనుకుంటే కారును నిలిపి, ఇంజను వద్ద ఉన్న బెల్టును ఊడదీయవలసి వచ్చేది. 1954లో న్యాష్ సంస్థ హీటరును, ఏసీని ఒకే ఏర్పాటుగా కలిపి, మీటలను డ్రైవరుకు అందుబాటులో ఉంచింది. 1964లో క్యాడిలాక్ కార్లలో, కోరిన ఉష్ణోగ్రతను తనంతట తానే నిలిపి ఉంచే ఏర్పాటు వచ్చింది.

భారతదేశంలో చాలాకాలం కారు ఏసీని విలాసంగానే భావించారు. 2025 అక్టోబరు 1 నుండి తయారయ్యే మూడున్నర టన్నులకు మించిన సరుకు లారీల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి అని కేంద్ర ప్రభుత్వం 2023 డిసెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. డ్రైవరు అలసటకు, రహదారి భద్రతకు గల సంబంధమే దీనికి కారణం.

పనిచేసే విధానం

ఇంజక్షనుకు ముందు చేతిపై స్పిరిట్ రాసినప్పుడు చల్లగా అనిపిస్తుంది. ద్రవం ఆవిరి కావడానికి కావలసిన వేడిని చర్మం నుండి గ్రహించడమే ఇందుకు కారణం. కొత్త కుండలో నీరు చల్లబడటం కూడా ఇదే సూత్రం. ఏసీలో ఆవిరైన పదార్థాన్ని పోనివ్వకుండా మరల ద్రవంగా మార్చి వాడుకుంటారు.

ఇంజనుతో తిరిగే కంప్రెసరు శీతలీకరణ వాయువును అధిక పీడనానికి గురిచేస్తుంది. వేడెక్కిన ఈ వాయువు రేడియేటరు ముందున్న కండెన్సరులో తన వేడిని బయటి గాలికి ఇచ్చి ద్రవమవుతుంది. తరువాత ఇరుకైన వాల్వు గుండా పోయి పీడనం కోల్పోతుంది. డ్యాష్‌బోర్డు వెనుక ఉన్న ఎవాపరేటరులో ఆవిరి అవుతూ అక్కడి గాలి నుండి వేడిని లాగుకుంటుంది. గాలిలోని తేమ ఎవాపరేటరుపై నీటి బిందువులై గొట్టం ద్వారా కారు కిందికి జారుతుంది. ఏసీ వేసిన కారు కింద కనిపించే నీటి చుక్కలు ఇవే. ఈ నీరు గడ్డకట్టకుండా, ఎవాపరేటరు సున్నా డిగ్రీలను సమీపించగానే కంప్రెసరు ఆగేటట్లు, లేదా దాని పని తగ్గేటట్లు ఏర్పాటు ఉంటుంది.

హీటరుకు వేరే ఇంధనం అక్కరలేదు. ఇంజనును చల్లబరిచే నీరు సుమారు 90 డిగ్రీల వేడితో ఒక చిన్న రేడియేటరు గుండా ప్రవహిస్తుంది. దాని మీదుగా పోయే గాలి వేడెక్కుతుంది.

నియంత్రణలు

ఉష్ణోగ్రత నాబ్: చాలా కార్లలో ఇది ఏసీ శక్తిని పెంచదు. ఎవాపరేటరును దాటిన గాలిలో ఎంత భాగం హీటరు గుండా పోవాలో నిర్ణయించే తలుపును మాత్రమే తిప్పుతుంది. నీలం చివరన ఉంటే గాలి హీటరును తాకదు. నాబ్‌ను నడుమకు తిప్పితే, చల్లబరిచిన గాలినే మరల కొంత వేడిచేసినట్లవుతుంది.

ఫ్యాను నాబ్: గాలి పరిమాణాన్ని మారుస్తుంది.

దిశ నాబ్: గాలి ముఖానికా, పాదాలకా, ముందు అద్దానికా అన్నది నిర్ణయిస్తుంది.

లోగాలి–బయటిగాలి మీట: కారు బొమ్మలో వంపు తిరిగిన బాణం గల ఈ మీటను నొక్కితే లోపలి గాలే మరల మరల తిరుగుతుంది. ఒకసారి చల్లబడిన గాలినే తిరిగి చల్లబరచడం వలన త్వరగా చల్లదనం వస్తుంది. దుమ్ము, లారీల పొగ లోనికి రావు. అయితే ఊపిరి వలన బొగ్గుపులుసు వాయువు, తేమ పెరిగి మగత కలుగుతుంది. దూర ప్రయాణాలలో నడుమ నడుమ బయటి గాలిని రానివ్వాలి.

ఏసీ మీట: కంప్రెసరును నడపడానికి, ఆపడానికి ఇది ఉపయోగపడుతుంది.

ఆటోమేటిక్ కార్లలో లోపలి వేడిమిని, బయటి వేడిమిని, ఎండ తీవ్రతను కొలిచే సెన్సార్లు ఉంటాయి. వాటిని బట్టి చిన్న మోటార్లు ఇవే తలుపులను తిప్పుతాయి. 24కు బదులు 16 అని పెట్టినంత మాత్రాన ఎండలో ఉన్న కారు మొదటి నిమిషాలలో ఎక్కువ వేగంగా చల్లబడదు. రెండు సందర్భాలలోనూ యంత్రం మొదట పూర్తి శక్తితోనే పనిచేస్తుంది.

అద్దాలపై ఆవిరి

వానలో ముందు అద్దం లోపలివైపు ఆవిరి పట్టడానికి కారణం ప్రయాణికుల ఊపిరిలోని తేమ చల్లని అద్దంపై నిలవడం. అప్పుడు బయటిగాలిని ఎంచుకుని, దిశను అద్దం వైపు తిప్పి, ఏసీని, కొంత హీటరును కలిపి నడపాలి. ఏసీ తేమను తీసివేస్తుంది, హీటరు అద్దాన్ని వెచ్చబరుస్తుంది. రెండింటినీ కలిపి వాడటం వృథా అనుకోవడం ఈ సందర్భంలో సరికాదు.

ఉక్కపోసే రాత్రివేళ అద్దం బయటివైపు ఆవిరి పడితే కారణం వేరు. ఏసీ వలన అద్దం మరీ చల్లబడి బయటి తేమ దానిపై చేరుతుంది. అప్పుడు వైపరుతో తుడిచి, చల్లగాలిని అద్దం నుండి మళ్లించాలి. లోపలా, బయటా అన్నది వేలితో తుడిచి చూస్తే తెలుస్తుంది.

జాగ్రత్తలు

ఎండలో నిలిపిన కారులో ఉష్ణోగ్రత గంటలో బయటికంటే సుమారు 20 డిగ్రీలు పెరగగలదు. అందులో అధిక భాగం మొదటి అరగంటలోనే పెరుగుతుంది. కిటికీ అద్దాన్ని కొద్దిగా దించినా పెద్ద తేడా ఉండదు. 2025 మే నెలలో విజయనగరం జిల్లా ద్వారపూడిలో, ఆడుకుంటూ నిలిపి ఉన్న కారులోకి ఎక్కిన నలుగురు పిల్లలు బయటకు రాలేక మరణించారు. ఇంటి ముందు నిలిపిన కారుకు సైతం తాళం వేయాలి. పిల్లలను ఒక్క నిమిషానికైనా కారులో వదలరాదు.

ఎండలో ఉన్న కారు ఎక్కగానే అద్దాలు దించి, ఫ్యాను నడిపి, వేడిగాలిని బయటకు పంపాలి. కొంతదూరం పోయాక అద్దాలు మూసి లోగాలిని ఎంచుకోవాలి.

మూసిన షెడ్డులో ఇంజను నడుపుతూ ఏసీలో నిద్రించరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన లేవు. అది నిద్రలోనే ప్రాణం తీయగలదు.

ఇంజను మితిమీరి వేడెక్కితే ఏసీని ఆపి, అద్దాలు దించి, హీటరును, ఫ్యానును పూర్తిగా తిప్పితే ఇంజను వేడిలో కొంత తగ్గుతుంది. ఇది కారును సురక్షిత స్థలంలో నిలిపేవరకే. వేడిగా ఉన్న రేడియేటరు మూత తీయరాదు.

పత్తి, మిరప రవాణా అధికంగా గల ప్రాంతాలలో క్యాబిన్ ఫిల్టరులో నూగు, దుమ్ము త్వరగా చేరుతాయి. ఫ్యాను శబ్దం ఎక్కువై గాలి తక్కువైతే ముందుగా ఫిల్టరును చూడాలి.

శీతలీకరణ వాయువులు

తొలినాళ్లలో వాడిన ఆర్-12 వాయువు ఓజోను పొరకు హాని చేస్తుంది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తరువాత దాని స్థానంలో ఆర్-134ఏ వచ్చింది. ఇది ఓజోనుకు హాని చేయదు గాని, భూతాపాన్ని పెంచడంలో బొగ్గుపులుసు వాయువు కంటే వెయ్యి రెట్లకు పైగా శక్తి గలది. ఇటువంటి వాయువుల వాడకాన్ని క్రమంగా తగ్గించడానికి 2016లో కుదిరిన కిగాలీ సవరణను భారతదేశం 2021లో ఆమోదించింది. కాబట్టి గ్యాసు తగ్గినప్పుడల్లా నింపించడం పరిష్కారం కాదు. గ్యాసు ఏసీలో ఖర్చయ్యే పదార్థం కాదు. తరచుగా తగ్గుతున్నదంటే ఎక్కడో కారుతున్నదని గ్రహించి, ముందు ఆ చోటును బాగుచేయించాలి.