ఘాట్ దిగేటప్పుడు యెజ్డీకి ఆయిల్ ఎవరు పోస్తారు?

మా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు బండికి గట్టి పరీక్ష పెట్టే రోడ్డు లేదు. మాది చాలావరకు సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. వరి పండే నేల చదునుగానే ఉంటుంది మరి. ఎత్తు అంటే ఉండ్రుగొండ గుట్ట, లేదంటే హైవే మీద ఫ్లైఓవర్లు, అంతే. అందుకే మొన్న ఒక శని, ఆదివారాలు ఆరుగురం మూడు పాత బండ్ల మీద శ్రీశైలం ఘాట్ ఎక్కొచ్చాం. ఇంగ్లండులో షెల్స్‌లీ వాల్ష్ అనే చోట 1905 నుంచి ఇలా కొండ ఎక్కడాన్ని పందెంగానే పెడుతున్నారు. మాది పందెం కాదు. బస్సులకీ లారీలకీ దారిస్తూ మెల్లగా వెళ్లాం.

కోదాడ వాడిది వాళ్ల నాన్న యెజ్డీ 250. మిర్యాలగూడ వాడిది ఆర్‌ఎక్స్ 100. నాది మా మామయ్య దగ్గర అడిగి తెచ్చిన పాత బుల్లెట్, గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి ఉండే రకం. మైసూరులో యెజ్డీలు చేసిన ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. ఆర్‌ఎక్స్ 100 కూడా అదే ఏడు ఆగిపోయింది. అంటే ఈ రెండు బండ్లూ మా అందరికంటే పెద్దవి.

బయల్దేరేటప్పుడు మా భయమంతా ఎక్కడం గురించే. 98 సీసీ ఆర్‌ఎక్స్ ఇద్దరిని మోసుకుని కొండ ఎక్కుతుందా అని. యెజ్డీ ఓనరు గారు మాత్రం ఎక్కడం గురించి ఒక్క మాట అడగలేదు. "దిగేటప్పుడు నడుమ నడుమ జర రేజ్ ఇయ్యుర్రా, లేకుంటే పిస్టన్ పట్టేస్తది" అన్నారు. అంతే.

హాలియా, సాగర్, మాచర్ల దాటి దోర్నాల చేరేదాకా ఈ మాట మీద వాదన నడిచింది. చివరికి టీ కొట్టు దగ్గర లెక్క వేశాం. బండి, ఇద్దరు మనుషులు కలిపి 270 కిలోలు. 20 మీటర్లు వెళ్తే 1 మీటరు లేచే రోడ్డు. గంటకు 36 కిలోమీటర్ల వేగం. బరువును పైకి లాగడానికి కావలసింది దాదాపు 1,320 వాట్లు, అంటే రెండు హార్స్‌పవర్ కూడా కాదు. గాలినీ టైర్ల రాపిడినీ కలిపినా, ఆర్‌ఎక్స్ దగ్గర ఉన్న 11లో చాలా మిగులుతుంది. కాకపోతే అది తన బలాన్ని 6,000 ఆర్‌పీఎం దాటాకే చూపిస్తుంది, కాబట్టి చిన్న గేరులో అరిపించాలి. బుల్లెట్ 3,000 దగ్గరే లాగేస్తుంది. ఎక్కేటప్పుడు చూసుకోవలసింది వేడి. వేగం తక్కువ, తగిలే గాలి తక్కువ, త్రాటిల్ ఎక్కువ. ఘాట్‌లో రెండుసార్లు నీడ చూసుకుని ఆగాం. ఆ తర్వాత ఏ బండీ మొరాయించలేదు.

అసలు విషయం దిగడంలో ఉంది. బుల్లెట్ ఫోర్‌స్ట్రోక్. దాని ఆయిల్ పంపు ఇంజిన్ తిరిగినంతసేపూ తిరుగుతుంది, త్రాటిల్ మూసినా ఆయిల్ ఆగదు. యెజ్డీలో పంపే లేదు. పెట్రోల్లో కలిపిన టూటీ ఆయిలే, మావాడు లీటరుకు 40 మిల్లీలీటర్లు కలుపుతాడు, ఆ పెట్రోల్‌తో పాటు లోపలికి వెళ్లి పిస్టన్‌నీ బేరింగులనీ తడుపుతుంది. ఇప్పుడు ఆలోచించండి. గేరులో ఉంచి త్రాటిల్ మూసి కొండ దిగుతున్నాం. చక్రం ఇంజిన్‌ని తిప్పుతోంది. పెట్రోల్ రావడం దాదాపు ఆగింది, దాంతో పాటే ఆయిలూ ఆగింది. ఇంజిన్ మాత్రం జోరుగా పొడిపొడిగా తిరుగుతోంది. ఇలా కిలోమీటర్ల కొద్దీ నడిస్తే పిస్టన్ బోరుకి పట్టేస్తుంది, వెనక చక్రం మలుపులో బిగుసుకుంటుంది. అందుకే నడుమ నడుమ క్లచ్ పట్టి రేజ్ ఇవ్వాలి, రెండు వేళ్లు ఎప్పుడూ క్లచ్ లివర్ మీదే ఉంచాలి. పట్టేసినట్టు అనిపించిన క్షణమే క్లచ్ లాగాలి. ఆర్‌ఎక్స్‌కి ఆయిల్ పంపు వేరే ఉంది కానీ అదీ త్రాటిల్ కేబుల్‌కే కట్టి ఉంటుంది. మూస్తే చాలా కొంచెమే పోస్తుంది.

పోనీ న్యూట్రల్‌లో దిగుదామా? వద్దు. 400 మీటర్ల ఎత్తు దిగితే ఆ 270 కిలోల నుంచి బయటికి రావలసిన శక్తి 10.6 లక్షల జౌళ్లు. మూడున్నర లీటర్ల నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగించేంత వేడి అది. అందులో చాలా భాగాన్ని రెండు డ్రమ్ములే మింగాలి. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచిస్తుంది, బ్రేక్ షూకి దూరమవుతుంది, లివరు హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. టూస్ట్రోక్ ఇంజిన్ బ్రేకింగ్ ఎలాగూ బలహీనం. కాబట్టి సెకండ్ గేరు, బ్రేకు వేసి వదలడం, వేసి వదలడం, మధ్యలో రేజ్.

ఆదివారం అలాగే దిగాం. యెజ్డీ ప్రతి రెండు మలుపులకీ ఒకసారి "బ్రూమ్" అనేది, వెనక నీలం పొగ. ఎదురొచ్చిన బస్సులోంచి ఒకాయన మావాడు పోజు కొడుతున్నాడనుకుని చెయ్యి ఊపాడు.

దోర్నాలలో ఇంజిన్లు చల్లారాక ప్లగ్గులు విప్పి చూశాం. తెల్లగా కాలి ఉంటే ఇంజిన్ మరీ వేడెక్కినట్టు, నల్లగా తడిగా ఉంటే ఆయిల్ ఎక్కువైనట్టు, కాఫీ రంగులో ఉంటే బాగున్నట్టు. ఆర్‌ఎక్స్‌ది కాఫీ రంగు. యెజ్డీది నల్లగా తడి తడిగా ఉంది. మాకు కావలసిందీ అదే. బుల్లెట్‌ది చూడలేదు, దానికి సరిపడే పానా ఎవరి దగ్గరా లేదు.