వెనుక సైటు వదులైతే ఏం చేయాలి?



బత్తలపల్లె హాస్టల్లో ట్రంకుపెట్టె పెట్టుకుని చదివిన మీ అన్నల్లో నేనూ ఒకడిని. ఈ సంచికకు నాకు తెలిసిన ఒక చిన్న పని గురించి రాస్తున్నాను. రేపు మీలో ఎన్.సి.సి.లో చేరేవాళ్లకు, పోలీసు ఉద్యోగానికో సైన్యానికో పోయేవాళ్లకు, షూటింగు ఆట నేర్చుకునేవాళ్లకు ఇది పనికొస్తుంది.

డిగ్రీ చదివే రోజుల్లో ఒక క్లబ్బులో ఎయిర్ పిస్టల్ నేర్చుకున్నాను. సొంతంగా కొనే స్తోమత లేదు. పదిమంది వాడే పిస్టలే నాకూ దిక్కు. ఎంపిక పోటీ రోజున మొదట్లో బాగానే కొట్టాను. తర్వాత గుండ్లన్నీ ఎడమకు పోసాగాయి. చేయి వణుకుతోందనుకున్నాను. 'మనలాంటి వాళ్లకు ఈ ఆట ఎందుకు' అని కూడా అనుకున్నాను. ఎంపిక కాలేదు. అంతా అయ్యాక ఒక పెద్దాయన ఆ పిస్టల్ అందుకుని వెనుక సైటును వేలితో నెట్టి చూశారు. అది కదిలింది! లోపం నా చేతిలో లేదు, ఒక స్క్రూలో ఉంది.

అంత చిన్న కదలికకు అంత నష్టమా?

పిస్టల్ గొట్టం చివర ముందు సైటు, మన కంటి వైపు గాడి ఉన్న వెనుక సైటు ఉంటాయి. గాడి మధ్యలో ముందు సైటు సరిగ్గా కుదిరితేనే గురి. పోటీ ఎయిర్ పిస్టళ్లలో ఈ రెండింటి మధ్య దూరం సుమారు 32 సెంటీమీటర్లు. లక్ష్యం 10 మీటర్ల దూరంలో ఉంటుంది, అంటే సుమారు 31 రెట్లు. కాబట్టి వెనుక సైటు పావు మిల్లీమీటరు జరిగితే గుండు దాదాపు 8 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. లక్ష్యం మీద ఒక వలయానికి, ఇంకో వలయానికి మధ్య ఉన్నది 8 మిల్లీమీటర్లే. పావు మిల్లీమీటరుకు ఒక మార్కు పోయినట్టే! గొర్రుకు సీల వదులైతే సాళ్లు వంకర పోవడం మనం చూసిందే కదా.

లోపం చేతిదా, సైటుదా?

పిస్టల్‌ను ఇసుక సంచి మీద ఆనించి అయిదు గుండ్లు కొట్టండి. అన్నీ ఒకచోట పడితే లోపం మన చేతిది. ఆనించినా రెండు గుంపులుగా పడితే, లేదా కొట్టేకొద్దీ ఒకవైపుకు జరుగుతూ పోతే, సైటును అనుమానించాలి.

బిగించే పద్ధతి

1. ముందుగా గుండు లేదని కళ్లారా చూసుకోండి. గాలి సిలిండరు ఊడదీసే రకమైతే తీసి పక్కన పెట్టండి. గొట్టం మనుషుల వైపు తిప్పకండి.

2. సైటును మెల్లగా అటూ ఇటూ, పైకీ కిందికీ కదిపి చూడండి. కదలిక ఎక్కడిదో తేల్చుకోండి. సైటును పిస్టల్‌కు పట్టి ఉంచే స్క్రూలు వేరు, గురి సర్దే స్క్రూలు వేరు.

3. పట్టి ఉంచే స్క్రూ వదులైతే దాన్ని విప్పి, మరల్లోని నూనె, దుమ్ము తుడవండి. సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ లేదా అలెన్ కీతోనే బిగించండి. సరిపోనిది వాడితే స్క్రూ తల అరిగిపోతుంది. బలమంతా పెట్టి తిప్పితే మర చెడుతుంది.

4. మళ్లీ వదులవుతుంటే మర మీద నీలం రంగు థ్రెడ్‌లాకర్ ఒక్క చుక్క చాలు. గురి సర్దే స్క్రూలకు మాత్రం అది పూయకూడదు. పూస్తే అవి తిరగవు.

5. స్క్రూ తల మీద, పక్కనున్న లోహం మీద కలిసేలా గోళ్ల రంగుతో ఒక గీత గీయండి. గీత విడిపోతే స్క్రూ తిరిగిందని చూడగానే తెలుస్తుంది.

6. మళ్లీ ఆనించి కొట్టి గురి సర్దుకోండి. గుండు ఎటు పోవాలో వెనుక సైటును అటే జరపాలి. ఎడమకు పడుతుంటే కుడికి, కిందికి పడుతుంటే పైకి.

గాడిలోకి అడ్డంగా దిగగొట్టిన సైట్లు కొన్ని ఉంటాయి. వాటి జోలికి పోకండి, సుత్తితో కొట్టకండి. ఎన్.సి.సి. రైఫిలు గానీ, పోలీసు పిస్టల్ గానీ అయితే మనం విప్పకూడదు. బోధకుడికి చెప్పాలి. ఆ పని ఆర్మరర్‌ది.

పెద్దవాళ్లకూ తప్పలేదు

2021 జులైలో టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్టల్ పోటీ మధ్యలో మొరాయించింది. విలువైన సమయం పోయి, ఆమె 12వ స్థానంతో ఫైనల్‌కు దూరమైంది. అదే మను భాకర్ 2024 పారిస్‌లో రెండు కాంస్యాలు గెలిచింది. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పిస్టల్‌తోనే ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది.

తమ్ముళ్లారా! మార్కులు తగ్గినా, పరుగులో వెనుకబడినా 'మన వల్ల కాదు' అనే మాట మన నోట తొందరగా వస్తుంది. ఆ మాట అనే ముందు ఒకసారి స్క్రూ చూడండి. స్క్రూ బాగుంటే అప్పుడు చేతికి సాధన నేర్పుదాం.

మీ శ్రేయోభిలాషి,
ఒక పూర్వ విద్యార్థి